ఖాళీగా ఉండాల్సిన ప్లేటు

సోమవారం పొద్దున స్పిరిట్టమ్మ వేసుకున్న పథకంలో కష్టమైన పని ఒక్కటీ లేదు. ల్యాబుకి వెళ్లాలి, బాక్టీరియాను పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయాలి, అందులోని రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టి ఫోటో తియ్యాలి, ఆ ఫోటోని థీసిస్ ఆఖరి అధ్యాయంలో అతికించాలి. అంతే. శుక్రవారం కమిటీ ముందు నిలబడి నాలుగు ముక్కలు చెబితే, మైక్రోబయాలజీలో డాక్టరేట్ కోసం ఆమె పడుతున్న పాట్లు ఒక కొలిక్కి వస్తాయి. శుక్రవారం తప్పిందో, మరునాటితో ఆమె రిజిస్ట్రేషన్ గడువు ముగిసిపోతుంది. ఇప్పటికే ఒకసారి పొడిగించారు. రెండోసారి పొడిగించేది లేదని రూల్స్ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది.

స్పిరిట్టమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. బల్ల మీద చెయ్యి పెట్టే ముందు స్పిరిట్ దూదితో తుడుస్తుంది, పెట్టాక తుడుస్తుంది, మధ్యలో అనుమానం వస్తే ఇంకోసారి తుడుస్తుంది. అందుకని ల్యాబులో ఆ పేరు పెట్టారు. ఇంట్లో అత్తగారికి కూడా ఆ పేరు తెలుసు గానీ పైకి అనదు, మనసులో అనుకుంటుంది.

ఊరవతల పాడుబడ్డ రాళ్ల క్వారీ ఒకటుంది. దాని గుంటలో నిలిచిన నీటి అడుగు బురదలోంచి స్పిరిట్టమ్మ ఒక బాక్టీరియాను పట్టుకుంది. చూడముచ్చటైన గులాబీ రంగు. గిడ్డంగుల్లో ధాన్యానికి పట్టే బూజు దీని పక్కన పెరగలేక ఆగిపోతుంది. ఈ గులాబీ బాక్టీరియా క్వారీ బురదలోనిదే, మరెక్కడిదీ కాదు అన్నదే ఆమె థీసిస్ మొత్తానికి పునాది. ఇంట్లో ఆమె దాని గురించి ఎంత మురిపెంగా మాట్లాడేదంటే, అత్తగారు దాన్ని "మీ గులాబీపిల్ల" అనేది. "గులాబీపిల్ల బాగుందా అమ్మాయ్? అన్నం తింటోందా?" అని అడిగేది. వెటకారమో ఆప్యాయతో స్పిరిట్టమ్మకు పెళ్లయిన నాటినుంచీ తేలలేదు.

ఇంక్యుబేటర్ తలుపు తీసింది. మొదటి ప్లేటులో గులాబీపిల్ల నిండుగా ఉంది. రెండోది కంట్రోల్ ప్లేటు. అంటే అన్నీ మొదటిదానిలాగే చేసి, బాక్టీరియా మాత్రం వెయ్యని ప్లేటు. అందులో ఏమీ మొలవకూడదు. ఏమీ మొలవకుండా ఉండటమే దాని ఉద్యోగం. అది ఖాళీగా ఉంటేనే మొదటి ప్లేటులో మొలిచింది ఆమె వేసిందే, గాల్లోంచో చేతుల్లోంచో ఊడిపడింది కాదు అని నమ్ముతారు.

స్పిరిట్టమ్మ రెండో ప్లేటును వెలుతురుకి ఎత్తింది. సరిగ్గా నడుమ, ముక్కుపుడకంత గులాబీ చుక్క నవ్వుతూ కనిపించింది.

ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూసింది. చుక్క అక్కడే ఉంది. ప్లేటు అడుగున రాసిన అక్షరాలు చూసింది. తన చేతిరాతే, "కంట్రోల్" అనే ఉంది. స్టూలు మీద కూలబడింది.

ఇంకొకరైతే ఆ ప్లేటును చెత్తబుట్టలో పారేసి, మరో ఖాళీ ప్లేటుకి ఫోటో తీసుకుని హాయిగా టీ తాగడానికి వెళ్లేవారు. ఆ ఆలోచన స్పిరిట్టమ్మకూ వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడి, మనసును కూడా ఒకసారి స్పిరిట్‌తో తుడుచుకుంది. అసలు విషయం ఫోటో కాదు. ఏమీ వెయ్యని చోట గులాబీపిల్ల మొలిచిందంటే, అది ఈ గదిలోనే ఎవరిదగ్గరో ఉందన్నమాట. ఎవరి చేతుల మీదో, జుట్టులోనో, తుమ్ములోనో. అదే నిజమైతే ఇన్నేళ్లూ క్వారీ బురద బిడ్డ అని తాను మురిసిపోయింది పక్కబల్ల వాళ్ల చుండ్రు అయి ఉండవచ్చు.

ముందుగా తాను వాడిన నీళ్లూ, బాక్టీరియాకు మేతగా ప్లేట్లలో పోసే జెల్లీ విడివిడిగా కొత్త ప్లేట్లలో పోసి పరీక్షకు పెట్టింది. ఇక మిగిలింది మనుషులు, తనతో సహా. గదిలోకి వచ్చిపోయే ప్రతి ఒక్కరి నుంచీ దూదిపుల్లతో నమూనా తీసి ప్లేట్ల మీద రాస్తే, గులాబీ రంగు ఎవరిదగ్గర మొలుస్తుందో మూడు రోజుల్లో తేలిపోతుంది. కానీ అడిగి తీసుకోవడం ఎలా? "మీ చెయ్యి ఓసారి ఇస్తారా?" అంటే "ఎందుకు?" అంటారు. ఎందుకో చెబితే అర్ధగంటలో గైడు గారి చెవిన పడుతుంది. గైడు గారికి కంట్రోల్ అంటే ప్రాణం. మొదటి క్లాసులో మొదటి మాటగా "కంట్రోల్ లేని ప్రయోగం ప్రయోగం కాదు, కాలక్షేపం" అని చెప్పిన మనిషి. ఆయనకు తెలిస్తే శుక్రవారం సంతకం పెట్టరు.

అందుకని దొంగతనంగా తీసుకోవాలని నిశ్చయించింది. దొంగతనంలో ఆమెకు బొత్తిగా అనుభవం లేదు.

సీనియరు కోటూ మిగతా పరిశోధకుల కోట్లూ కొక్కేలకు వేలాడుతుంటే వాటి కాలర్ల మీద పుల్లలు రాసింది. అక్కడిదాకా బాగానే జరిగింది. గైడు గారు కళ్లజోడు బల్ల మీద పెట్టి ముఖం కడుక్కోవడానికి వెళ్లారు. స్పిరిట్టమ్మ గబగబా వెళ్లి, ముక్కు మీద ఆనే చోట పుల్లతో సుతారంగా రుద్దుతోంది. గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. చూస్తే సీనియరు.

"ఏం చేస్తున్నావ్?"

"అదీ... సార్ కళ్లజోడు... మరీ దుమ్ముగా ఉంటేనూ..."

"దుమ్ముగా ఉంటే?"

"తుడుస్తున్నా."

సీనియరు కళ్లు చిన్నవయ్యాయి. ఆయన స్పిరిట్టమ్మ కన్నా ముందు చేరి, ఆమె తరవాత కూడా ఉండేట్టున్న మనిషి. ఏడాది కిందట కమిటీ ఆయన్ని ఒక్క ప్రశ్నతో వెనక్కి పంపింది. అప్పటినుంచీ గైడు గారి చల్లని చూపు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఓహో, అలా వచ్చావా?" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఇక హెడ్డు గారు, అంటే డిపార్టుమెంటు అధిపతి. ఆయన కూడా కమిటీలో సభ్యుడే. వారానికోసారి ల్యాబులోకి వచ్చి, ముట్టుకోకూడనివన్నీ ముట్టుకుని వెళ్లడం ఆయనకు అలవాటు. స్పిరిట్టమ్మ ఒక పెన్నును స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టి, సమావేశం ఆహ్వానం మీద సంతకానికని వెళ్లి ఆ పెన్ను ఇచ్చింది. ఆయన సంతకం చేసి తిరిగి ఇస్తుంటే, చేత్తో అందుకోకుండా దూది చివరతో పట్టుకుని కవరులోకి జారవిడిచింది.

హెడ్డు గారు కవరు వంకా ఆమె వంకా చూశారు. "ఏమిటమ్మా అది?"

"జాగ్రత్త కోసం సార్."

"దేని నుంచి జాగ్రత్త?"

స్పిరిట్టమ్మకు అబద్ధం ఆడటం రాదు. "శుక్రవారం దాకా ఏమీ అడక్కండి సార్, మీకు దణ్ణం పెడతాను" అని బయటపడింది. హెడ్డు గారు కాసేపు తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నారు.

మంగళవారం పొద్దున ఆమె ల్యాబులో అడుగుపెట్టేసరికి ముక్కుపుటాలు అదిరాయి. ఆసుపత్రి వాసన. గైడు గారి గదిలో సీనియరు మోకాళ్ల మీద కూర్చుని కుర్చీ కోళ్లు స్పిరిట్‌తో తుడుస్తున్నాడు. ఇంకో పరిశోధకుడు టెలిఫోను తుడుస్తున్నాడు. మరొకామె తలుపు గొళ్లెం పట్టుకుని మెరుగుపెడుతోంది. కళ్లజోడు తుడిచి గైడు గారిని కాకా పట్టే కొత్త ఉపాయం స్పిరిట్టమ్మ కనిపెట్టిందని అందరికీ చేరిపోయింది. వెనకబడిపోతామని ఎవరికి వారు దూది పట్టుకున్నారు.

"అయ్యో, తుడవకండి! దయచేసి ఏదీ తుడవకండి!" అంది స్పిరిట్టమ్మ. ఆ కుర్చీ మీదా టెలిఫోను మీదా ఇంకా నమూనాలు తీయాలని ఆమె లెక్క.

"ఏం, సార్‌ని మొత్తం నువ్వే గుత్తకు తీసుకున్నావా?" అన్నాడు సీనియరు, కోళ్లు వదలకుండానే.

పదింటికి గైడు గారు వచ్చారు. ఆయన గుమ్మంలోకి రాగానే అందరూ పక్కకు తప్పుకున్నారు, గౌరవంతోనే. ఆయన పెన్ను పట్టుకుని కింద పెడితే ఒకరు పెన్ను తుడిచారు. ఆయన కుర్చీలోంచి లేస్తే, వెచ్చదనం ఆరకముందే సీనియరు కుర్చీ తుడిచాడు. ఆయన తాగి పెట్టిన గ్లాసును ఇంకొకరు దూదితో పట్టుకుని తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి గైడు గారి ముఖంలో రంగులు మారాయి. పాతికేళ్లుగా గాలి ద్వారా వ్యాపించే రోగాల గురించి పాఠం చెబుతున్న మనిషి. తన చుట్టూ జనం ఇలా ఎప్పుడు తుడుస్తారో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆయన చిన్నగా దగ్గారు. పొడిదగ్గే. దగ్గాక, ఆ దగ్గు గురించి చాలాసేపు ఆలోచించారు.

ఆ సాయంత్రం స్పిరిట్టమ్మకు అన్నం సయించలేదు. కంచంలో గీతలు గీస్తూ కూర్చుంది. ఏమైందని భర్త అడిగాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"సార్ దగ్గర్నుంచే వచ్చిందేమోనని నా భయం. కళ్లజోడు నుంచి తీసుకున్నా. గురువారానికి గానీ తెలీదు."

"ఆయన్నే అడగొచ్చుగా?"

"ఎలా అడుగుతాను? ఆయనకి తెలిస్తే తట్టుకోలేరు. నువ్వూ ఎవరితోనూ అనకు. శుక్రవారం దాకా బయటపడకూడదు. నిజంగా ఆయనదే అయితే మాత్రం ఆయన పనీ అయిపోయినట్టే, నా పనీ అయిపోయినట్టే."

వంటింట్లో అత్తగారు చేస్తున్న పని ఆపింది. ఆమె చెవులు ఎంత చురుకైనవో, మనసు అంత మంచిది. కోడలు చెప్పిన ప్రతి అక్షరమూ ఉన్నదున్నట్టే వింది. గులాబీపిల్ల సంగతి అన్న ముక్క ఒక్కటే అందులో లేదు.

బుధవారం పొద్దున కూరగాయల బండి దగ్గర ఆమెకు గైడు గారి భార్య కనిపించింది. ఇద్దరికీ ఏళ్ల నాటి పరిచయం. అత్తగారు బెండకాయలు ఏరుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఏంటి వదినగారూ, ఏమైంది?" అంది గైడు గారి భార్య.

"నాదేముంది వదినా, మీరే ధైర్యంగా ఉండాలి. అన్నయ్యగారికి వేళకి తిండి పెట్టండి."

"ఆయనకేమైందీ?"

అత్తగారు నాలుక కరుచుకుంది. "అబ్బే, ఏమీ లేదు. మా కోడలు ఎవరికీ చెప్పొద్దంది. ఆయన కళ్లజోడు నుంచి నమూనా ఏదో తీసిందట, గురువారానికి గానీ తెలీదట. ఈలోపు ఆయన కంచం, గ్లాసు విడిగా పెట్టండి. అంతకన్నా నేనేం చెప్పలేను, నన్ను అడక్కండి."

అంతకన్నా ఎవరూ చెప్పక్కర్లేదు. గైడు గారి భార్య తీసుకున్న బెండకాయలు అక్కడే వదిలేసి పరుగున ఇంటికి వెళ్లింది. చొక్కా తొడుక్కుంటున్న భర్తను నిలబెట్టి చెప్పింది. ఆయన మంచం అంచున కూర్చున్నారు. నిన్నటి దూదులూ, దూరదూరంగా జరిగిన జనమూ, తన పొడిదగ్గూ అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

"అయితే వాళ్లందరికీ తెలుసన్నమాట" అన్నారు నెమ్మదిగా. "పాపం, నాకు చెప్పలేక తుడుచుకుంటూ బతుకుతున్నారు."

చొక్కా విప్పేసి, దుప్పటీ దిండూ తీసుకుని ఇంటి వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. అక్కడినుంచి హెడ్డు గారికి ఫోను చేశారు. తనకు ఒంట్లో బాగాలేదనీ, అది ఇతరులకు అంటుకునే రకం కావచ్చనీ, శుక్రవారం సమావేశానికి రాలేననీ, తన గదిని ఎవరూ తెరవవద్దనీ చెప్పారు. ఏం జబ్బని హెడ్డు గారు అడిగితే, "మీకూ చెప్పలేదా?" అని నిట్టూర్చి పెట్టేశారు.

హెడ్డు గారికి దూది చివరన వేలాడిన పెన్ను గుర్తొచ్చింది. శుక్రవారం దాకా అడక్కండి అన్న మాట గుర్తొచ్చింది. ఆయన చేతులు మూడుసార్లు కడుక్కుని, ల్యాబు మూసెయ్యమని ఆజ్ఞ వేశారు. గురువారం మధ్యాహ్నం గదులన్నిటికీ క్రిములు చచ్చేలా ఫార్మలిన్ పొగ పెట్టాలి. అంతకు ముందే ఇంక్యుబేటర్లలో ఉన్న ప్రతి ప్లేటునూ ఆటోక్లేవ్‌లో, అంటే మన ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్నయ్య లాంటి యంత్రంలో, వేసి ఉడకబెట్టాలి.

ఈ వార్త స్పిరిట్టమ్మకు నోటీసు బోర్డు మీద కనిపించింది. గైడు గారికి జబ్బట, ల్యాబు మూతట, ప్లేట్లు ఉడకబెడతారట, శుక్రవారం సమావేశం లేదట. శుక్రవారం లేకపోతే శనివారానికి ఆమె పరిశోధకురాలే కాదు. బోర్డు ముందు నిలబడి అదంతా రెండుసార్లు చదివింది. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాలేదు. ఒంట్లో ప్రాణం ఉన్న చోటల్లా భయమే ఉంది.

గురువారం పొద్దునే, తాళాలు పడకముందే ల్యాబులో దూరి ఇంక్యుబేటర్ తెరిచింది. నీళ్ల ప్లేటు ఖాళీ. జెల్లీ ప్లేటు ఖాళీ. మనుషుల ప్లేట్లు మాత్రం కళకళలాడుతున్నాయి. తెల్లవి, పసుపువి, నారింజవి, నూగు ఉన్నవి, జిగురుగా సాగేవి. గైడు గారి కళ్లజోడు, సీనియరు కాలరు, హెడ్డు గారి పెన్ను, తన చెయ్యి, అన్నీ ఒక్కొక్కటిగా వెలుతురుకి ఎత్తి చూసింది. గులాబీ రంగు ఎక్కడా లేదు.

ఒక్క క్షణం ఊపిరి తేలిగ్గా వచ్చింది. మరుక్షణం ఇంకో భయం పట్టుకుంది. నీళ్లలో లేదు, మనుషుల్లో లేదు. మరి కంట్రోల్ ప్లేటులోకి ఎలా వచ్చింది? కనీసం చుండ్రు అయినా ఒక జవాబు. ఇప్పుడు ఆ జవాబు కూడా లేదు.

వరండాలో ప్లేట్లు తీసుకెళ్లే తోపుడుబండి చప్పుడు వినిపించింది. స్పిరిట్టమ్మ తన ప్లేట్లన్నిటికీ అంచుల చుట్టూ టేపు చుట్టి, థర్మోకోల్ పెట్టెలో పేర్చి, మూత బిగించి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి నడిచింది. మెట్ల మీద సీనియరు ఎదురయ్యాడు.

"ఏముంది అందులో?"

"మీరందరూ ఉన్నారు" అంది ఆమె, ఏం మాట్లాడుతోందో తనకే తెలియకుండా. సీనియరు గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాడు.

ఆటో ఎక్కి నేరుగా గైడు గారి ఇంటికి వెళ్లింది. జబ్బుగా ఉన్న మనిషికి నిజం చెప్పడం పాపమా, చెప్పకపోవడం పాపమా అని దారంతా మథనపడింది. గైడు గారి భార్య ముక్కుకి తువ్వాలు కట్టుకుని తలుపు తీసి, వెనక గది కిటికీ వైపు చెయ్యి చూపించింది.

కిటికీ ఊచల వెనక గైడు గారు కనిపించారు. గడ్డం మాసి ఉంది.

"దగ్గరికి రాకమ్మా, అక్కడే ఆగు" అన్నారు. "నువ్వు చిన్నదానివి, నీకెందుకీ భారం. నాకేం వచ్చిందో చెప్పెయ్ చాలు. ఏ జాతి క్రిమి, గ్రామ్ పాజిటివా, నెగటివా?"

"మీకేం వచ్చింది సార్?"

"దాచకు. నా కళ్లజోడు నుంచి నమూనా తీశావటగా. మీ అత్తగారు మా ఆవిడతో చెప్పింది. గురువారం తెలుస్తుందన్నావట. ఇవాళ గురువారం. నేను సిద్ధంగానే ఉన్నాను."

స్పిరిట్టమ్మ పెట్టె మూత తీసి, ఒక ప్లేటు తీసి ఊచలకు ఆనించింది. "ఇదే సార్ మీ కళ్లజోడు."

ఆయన కళ్లు చికిలించి, అటు తిప్పించీ ఇటు తిప్పించీ చూశారు. "ఇవి అందరి చర్మం మీదా ఉండేవే కదా."

"అవును సార్."

"ఇంకేం లేవా?"

"ఇంకేం లేవు సార్."

"అంటే నాకు..."

"మీకేం లేదు సార్. మీరు దుక్కలా ఉన్నారు."

లోపలినుంచి తువ్వాలు ఊడదీసిన చప్పుడు, దాని వెంట గైడు గారి భార్య గొంతు. "మరైతే నిన్నటినుంచీ మీ కంచం మరిగే నీళ్లలో కడుగుతూ నా చేతులు బొబ్బలెక్కించుకున్నది ఎందుకూ?"

గైడు గారు ఆ ప్రశ్నను పక్కన పెట్టారు. ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది, రక్తంతో పాటు అధికారమూ వచ్చింది. "మరి నా కళ్లజోడు మీద నీకు పనేమిటి?"

ఇక తప్పించుకునే దారి లేదు. స్పిరిట్టమ్మ తలవంచుకుని అంతా చెప్పేసింది. కంట్రోల్ ప్లేటు, గులాబీ చుక్క, దొంగతనంగా తీసిన నమూనాలు. "నీళ్లలో లేదు సార్, జెల్లీలో లేదు, ఎవరిదగ్గరా లేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీట్లేదు. మీరు సంతకం పెట్టకపోయినా నేనేం అనుకోను. కానీ దాచి సంతకం పెట్టించుకోలేను."

తిడతారనుకుంది. తల ఎత్తి చూస్తే, గైడు గారు ఊచలు పట్టుకుని నేల చూస్తున్నారు.

"అది కంట్రోలా?" అన్నారు చివరికి, క్లాసులో ఎప్పుడూ వినిపించని గొంతుతో.

"అవును సార్."

"నేను... ఖాళీగా ఉంది కదా అనుకున్నాను."

స్పిరిట్టమ్మకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"పోయిన గురువారం సాయంత్రం నీ గులాబీ ప్లేటు ఎలా ఉందో చూద్దామని ఇంక్యుబేటర్ తీశాను" అన్నారు ఆయన. "బాక్టీరియా నాటే ఆ తీగ, ఆ లూప్, చేత్తో పట్టుకుని ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫైళ్లే, సంతకాలే. ఒక్కసారి, దాన్నుంచి ఒక్క చుక్క నాటి చూద్దామనిపించింది. పక్కనే ఖాళీ ప్లేటు కనిపించింది. ఇలా ఆనించానో లేదో, ఎవరో వస్తున్న చప్పుడైంది. మూత పెట్టేసి వచ్చేశాను."

"ప్లేటు అడుగున రాసి ఉంది కద సార్!"

"కళ్లజోడు లేదమ్మా అప్పుడు."

ఇన్నేళ్లలో స్పిరిట్టమ్మకు గైడు గారి మీద మొదటిసారి కోపం వచ్చింది. ఆ వెంటనే ఎక్కడలేని సంతోషమూ వచ్చింది. గులాబీపిల్ల ఎవరి చుండ్రూ కాదు, క్వారీ బిడ్డే. కోపమూ సంతోషమూ ఒకదాన్నొకటి తోసుకుని రాగా, పెట్టెను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని భోరుమని ఏడ్చింది. గైడు గారి భార్య వెనక గది గొళ్లెం తీసి, "ముందు గడ్డం గీసుకుని బయటికి రండి, ఆ పిల్లకి రేపు పరీక్షట" అంది.

శుక్రవారం సమావేశం జరిగింది. ల్యాబులో ఇంకా ఫార్మలిన్ ఘాటు ఉండటంతో పై అంతస్తు గదిలో బల్లలు వేశారు. అసలు రోగం లేదని హెడ్డు గారిని నమ్మించడానికి గైడు గారు డాక్టరు చేత రాయించుకు రావలసి వచ్చింది. బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు సన్నగా, మితంగా మాట్లాడే మనిషి. ఆవిడ ఎవరినీ కోప్పడదనీ, ఒకే ఒక ప్రశ్న వేస్తుందనీ, అది చాలనీ చెప్పుకునేవారు. సీనియరును వెనక్కి పంపింది కూడా ఆవిడే.

స్పిరిట్టమ్మ చెప్పాల్సిందంతా చెప్పింది. ఆవిడ పెన్ను మూసి పెట్టింది.

"ఈ గులాబీ రంగు బాక్టీరియాలు మా ఇంట్లో నీళ్లగది గోడ మీద కూడా ఉంటాయి. మీది క్వారీ నుంచే వచ్చిందనీ, మీ ల్యాబులో ఎవరి చేతిమీంచో పడింది కాదనీ మేమెలా నమ్మాలి?"

వెనక వరసలో సీనియరు కళ్లు మూసుకున్నాడు. తనను వెనక్కి పంపిన ప్రశ్న కూడా ఇలాంటిదే. స్పిరిట్టమ్మ జవాబు బల్ల కింద పెట్టెలో ఉంది. కానీ అది తెరిస్తే, ఎవరెవరి నుంచి దొంగతనంగా ఏం తీసిందో వాళ్లందరి ముందే బయటపడుతుంది. తెరవకపోతే, రేపటితో అంతా ముగిసిపోతుంది. హెడ్డు గారి వైపు చూసింది, సీనియరు వైపు చూసింది. కళ్లు మూసుకుని మూత తీసింది.

"రుజువు ఉంది మేడమ్. మా ల్యాబులోకి వచ్చే ప్రతి ఒక్కరి దగ్గరా నమూనా తీశాను. ఎవరినీ అడక్కుండా తీశాను. అది నా తప్పే."

ప్లేట్లు బల్ల మీద వరసగా పేర్చింది. ఒక్కోదాని అడుగున ఎవరిదో, ఎక్కణ్ణుంచి తీసిందో రాసి ఉంది. పరీక్షకురాలు ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూడసాగింది. ఒక ప్లేటు దగ్గర ఆగిపోయింది. అందులో అంచునుంచి అంచుదాకా వేలెడు ఖాళీ లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూతను తాకేంత ఎత్తు పెరిగాయి.

"బాగా పెరిగాయే. ఎవరిదిది?"

అడుగున రాసి ఉన్నా ఆవిడ అడిగింది. స్పిరిట్టమ్మ అంతకన్నా మెల్లగా ఎవరూ చెప్పలేనంత మెల్లగా, "హెడ్డు గారి పెన్ను మేడమ్" అంది. హెడ్డు గారి రెండు చేతులూ బల్ల కిందికి వెళ్లిపోయాయి. ఆయన చేతులే కాదు, వరసగా ఒక్కొక్కరివీ వెళ్లిపోయాయి.

"గులాబీ రంగు ఒక్కదాంట్లోనూ లేదు" అంది పరీక్షకురాలు. "మీ కంట్రోల్ ప్లేటు ఎప్పుడూ ఖాళీగానే ఉందా?"

"లేదు మేడమ్, ఒక్కసారి..."

"అది నేను" అంటూ గైడు గారు లేచి నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ చుక్క పెట్టింది నేను. ఆ అమ్మాయిది తప్పేం లేదు."

పరీక్షకురాలు ఆయన్ని చూసింది, ప్లేట్లను చూసింది, తరవాత మొట్టమొదటిసారిగా నవ్వింది. "చాలా థీసిస్‌లు చూశాను. ఒక్క ప్లేటు కంట్రోల్‌గా పెట్టినవాళ్లని చూశాను గానీ, డిపార్టుమెంటు మొత్తాన్ని కంట్రోల్‌గా పెట్టినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. ఈ ఫోటోలన్నీ ఆఖరి అధ్యాయంలో చేర్చండి. పేర్లతో సహా." అని కాగితం మీద సంతకం చేసేసింది.

సమావేశం ముగిసింది. అందరూ స్పిరిట్టమ్మ చుట్టూ చేరారు. సీనియరు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు, హెడ్డు గారు పెద్దరికంగా తల పంకించారు, గైడు గారి కళ్లు చెమర్చాయి. షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి మాత్రం ఒక్కరూ జేబులోంచి చెయ్యి తియ్యలేదు.